ఒక్క గుక్కలో

మొదటి నమోదు

కమిటీ వారు ఈ పలక నా చేతిలో పెట్టి, మా అక్క తన్విలో కనిపించిన మార్పులన్నీ రాయమన్నారు. ఏం మరిచిపోతోంది, ఎంతసేపు పడుకుంటోంది, మాట తడబడుతోందా, ఇవీ వాళ్ళకి కావలసినవి. నా అభిప్రాయాలు మాత్రం వద్దట. నా పేరు సహస్ర. యాభై ఎనిమిదేళ్ళు. తోటగదిలో ఆకుకూరలు పెంచుతాను. అభిప్రాయం చెప్పకుండా ఒక్క పూట గడిపిన గుర్తు లేదు నాకు, కాబట్టి కమిటీ వారే సర్దుకోవాలి.

జరిగింది ఇది. అక్కది తూర్పు తలుపు దగ్గర ఉద్యోగం. మా ఊరికీ బయటికీ మధ్య చిన్న గది ఉంటుంది. మంచు తవ్వడానికి వెళ్ళేవాళ్ళు సూట్లు తొడుక్కుని ఆ గదిలోకి రాగానే లోపలి తలుపు బిగించాలి, గదిలో గాలి వెనక్కి లాగేయాలి, ఆ తర్వాతే బయటి తలుపు తీయాలి. చంద్రుడి మీద పుట్టిన ప్రతి పిల్లకీ నడక కంటే ముందు నేర్పే పాఠం అది. అక్క ఎన్నో ఏళ్ళుగా ఆ తలుపులు వేసి తీస్తోంది. పోయిన వారం లోపలి తలుపు బార్లా తెరిచి ఉండగానే బయటి తలుపు పిడి మీద చెయ్యి వేసింది. పిడి తిరగలేదు, గంట మోగింది, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ గదిలో ఉన్నవాళ్ళు అక్క మొహం చూశారు. గంట ఎందుకు మోగుతోందో ఆవిడకి అర్థం కాలేదట.

రెండు నెలల తర్వాత కమిటీ కూర్చుంటుంది. నేను రాసింది చదివి, అక్క మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళాలో మెత్తవీధికి వెళ్ళాలో తేలుస్తారు. జ్ఞాపకం జారిపోయిన ముసలివాళ్ళని ఉంచే వీధి అది. గోడలకీ నేలకీ పరుపులు కుట్టి ఉంటాయి. వేళకి తిండి పెడతారు, ఒళ్ళు తుడుస్తారు, ఎవరూ ఒక్క మాట అనరు. అక్కడికి వెళ్ళి తిరిగి ఇంటికొచ్చిన మనిషిని మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు.

అక్కకి అరవై నాలుగు. మా ఆయన పోయినప్పుడు నన్ను తన ఇంటికి తెచ్చేసుకుంది, ఒక్క మాట అడగకుండా. ఇప్పుడు ఆవిడని పంపించడానికి సరిపడా సాక్ష్యం నా చేత రాయిస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇది కూడా రాశాను, చదువుకోండి.

రెండో నమోదు

అక్క రెండు శాలువాలు కప్పుకుని కూర్చుంది. ఊరంతా ఎప్పుడూ ఒకటే వెచ్చదనం, పక్కింటి వాళ్ళు చేతుల్లేని చొక్కాల్లో తిరుగుతున్నారు. ఈవిడ మాత్రం "చలేస్తోందే" అంటుంది. మొహం ఉబ్బింది. గొంతు బొంగురుపోయింది. దువ్వెన నిండా జుట్టే. ఏదైనా అడిగి, లోపలికి వెళ్ళి పప్పు తాలింపు వేసుకుని వచ్చినా జవాబు ఇంకా దారిలోనే ఉంటోంది.

ఇవన్నీ ఒక ఎత్తు. మా అక్క పోట్లాడటం మానేసింది. అది నాకు అన్నిటికంటే భయంగా ఉంది. ఊహ తెలిసినప్పటి నుంచీ మేమిద్దరం పోట్లాడుకుంటూనే ఉన్నాం. తువ్వాలు ఎక్కడ ఆరేయాలన్న దాని మీద రెండు రోజులు మాట్లాడుకోని సందర్భాలున్నాయి. ఊరి వంటశాల నుంచి వచ్చే చారులో నిన్న కావాలనే ఉప్పు కలపలేదు. తాగేసింది. గిన్నె కింద పెట్టి గోడ వైపు తిరిగి పడుకుంది. చాలాసేపు ఆ గిన్నె వంక చూస్తూ కూర్చున్నాను.

మా గోడకి సలహా పెట్టె ఒకటి ఉంది. యాభై దాటిన ఆడవాళ్ళున్న ప్రతి ఇంట్లోనూ బిగించారు. తేనె పూసిన గొంతు దానిది. పొద్దున్నే "తన్వి అమ్మా, ఈ రోజు మీకోసం మీరు ఏం చేసుకుంటున్నారు?" అంటుంది. కాళ్ళకి బరువు పట్టీలు కట్టుకుని నడవమంటుంది, ఎండదీపం కింద కూర్చోమంటుంది, నలుగురితో నవ్వుతూ మాట్లాడమంటుంది. చెడ్డ మాటలని నేననను. ఒంటి బరువు తేలిపోయే ఈ చోట ఎముకలు పెళుసెక్కిపోతాయి. ఇన్నేళ్ళూ ఆ పట్టీలు ఈడ్చుకుంటూ తిరిగాను కాబట్టే మొన్న తోటగదిలో జారిపడినా నా తుంటి నిలిచింది. కానీ అక్క మరుపు సంగతి అడిగితే "వయసుతో పాటు కొంత మరుపు సహజం, దిగులు పడకండి" అని ఊరుకుంది.

"థైరాయిడ్ వల్ల కాదు కదా? దానికి మందు వాడుతోంది కదా ఎప్పటినుంచో" అన్నాను.

"తన్వి అమ్మ మాత్రలన్నీ వేళకి తీసుకుంటున్నారు. థైరాయిడ్ అదుపులో ఉంది."

నీకెలా తెలుసని అడిగితే, మందుల డబ్బాలోంచి మాత్ర బయటికి వచ్చినట్టు లెక్కలో ఉందంది. రక్తం చూసే సరంజామా అయిపోయి చాలా కాలమైంది. భూమి నుంచి రావలసిన ఓడ వాయిదాల మీద వాయిదాలు పడుతోంది. అంతదాకా డబ్బా లెక్కే మా రక్తపరీక్ష.

మూడో నమోదు

ఇది రాయకూడదనుకున్నాను. సెక్యూరిటీ వాళ్ళు అప్పటికే చెప్పేశారు కనుక రాస్తున్నాను.

అక్క తప్పిపోయింది. వంటశాల నుంచి అన్నం తెస్తానని వెళ్ళింది. మా వీధి చివర మలుపు తిరిగితే వంటశాల. ఎంతకీ రాకపోయేసరికి వెతుక్కుంటూ వెళ్ళాను. అక్కడా లేదు. చివరికి పాత నీళ్ళ ట్యాంకు సందులో, ఖాళీ క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుని ఉండగా సెక్యూరిటీ వాళ్ళు తీసుకొచ్చారు.

"ఎటు తిరగాలో తెలియలేదే. కాసేపు కూర్చుంటే అదే తెలుస్తుందిలే అనుకున్నాను" అంది.

సాయంత్రం కమిటీ కార్యదర్శి ధృవ్ గారు ఇంటికే వచ్చారు. నలభై దాటని మనిషి, మెల్లగా మాట్లాడతారు. కుర్చీ అంచు మీద కూర్చుని, "సహస్రగారూ, రెండు నెలలు ఆగలేమండి. రేపు ఇంకేదైనా అయితే ఎవరం జవాబు చెప్పుకోగలం? వచ్చే శుక్రవారమే కూర్చుందాం" అన్నారు.

నోటికొచ్చినవన్నీ అందామనుకున్నాను. కానీ ఆయన తల్లి ఆద్యమ్మ మెత్తవీధిలోనే ఉంది. పోయినేడు ఆవిడ పేరు మీద సంతకం పెట్టింది ఈయనే. ఆ మొహం చూస్తే నోరు రాలేదు.

ఆయన వెళ్ళాక అక్క శాలువాలోంచి చెయ్యి తీసి నా మోకాలి మీద వేసింది. "పంపించెయ్యవే నన్ను. నీకెందుకీ చాకిరీ" అంది. ఆ ఒక్క మాట చెప్పడానికి ఎంత కష్టపడిందో. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పాను. నీళ్ళు రావని తెలుసు, గాలి బుస మాత్రం వస్తుంది. ఏడుపు వినపడకూడదని తిప్పాను, అంతే.

నాలుగో నమోదు

కొత్త డాక్టరమ్మ వచ్చింది. మా పాత డాక్టరు గారు భూమికి వెళ్ళిపోయాక ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. ఈమెది దక్షిణపు ఊరు. అక్కడ మంచు ఎక్కువ, నీళ్ళకి కొదవ లేదు, మనుషులు స్నానాలు కూడా చేస్తారని చెప్పుకుంటాం. పేరు మల్లవ్వ. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. మా తరం వాళ్ళమంతా తన్వీలం, సహస్రలం, లాస్యలం. ఇప్పటి పిల్లలకేమో మల్లవ్వలు, రాజవ్వలు తిరిగొచ్చారు. ముసలమ్మ పేరున్న పిల్ల, పసిపిల్ల పేరున్న ముసలమ్మ చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంటే నవ్వొచ్చింది. చాన్నాళ్ళకి వచ్చిన నవ్వు.

ఆమె తనతో పాటు రక్తం చూసే సరంజామా కొద్దిగా తెచ్చుకుంది. కమిటీ వారు అక్క గురించిన ఫైలు చూపించబోతే పక్కన పెట్టేసిందట. "రక్తం జూడకుండ నేనేం జెప్ప" అందట. అక్కకీ, ఇంకొంతమంది ఆడవాళ్ళకీ రక్తం తీసింది. శుక్రవారానికి ముందే చెబుతానంది.

మల్లవ్వ సూది గుచ్చుతున్నా అక్క చెయ్యి కదల్చలేదు. తన చెయ్యి కానట్టు చూస్తూ కూర్చుంది.

ఐదో నమోదు

నిన్న సాయంత్రం మల్లవ్వ మా ఇంటికొచ్చి, వచ్చీ రాగానే అక్క ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"అమ్మా, నిజం చెప్పుండ్రి. నేనేం అన. థైరాయిడ్ గోళి మీరు ఏస్కుంటలేరు కదా?"

అక్క తలెత్తి చూసింది. "రోజూ వేసుకుంటున్నానమ్మా."

"ఏస్కుంటే రక్తం గిట్ల ఉండదు. నేను జూసినంతలో, ఏడాదికెళ్లి ఒక్క గోళి గూడ కడుపుల వడ్డట్టు లేదు."

ఇక నేను ఊరుకోలేదు. ఒళ్ళో ఉన్న తోటకూర కింద పెట్టి లేచాను. మా అక్కకి మందు దొంగచాటుగా పారేసే అలవాటు లేదని, ఆవిడ మింగుతుంటే ఈ రెండు కళ్ళతో రోజూ చూస్తున్నానని, కొత్తగా వచ్చిన మనిషి అలా అనేయడం పద్ధతి కాదని చెప్పాను. ఇంకా ఏవో చెప్పాను. మల్లవ్వ అడ్డు రాలేదు. నా ఊపిరి అయిపోయేదాకా ఆగి, "సరే పెద్దమ్మా. రేపు పొద్దుగాల నేనొస్త. నా ముంగట ఏస్కోండ్రి" అంది.

ఈ పొద్దున చెప్పినట్టే వచ్చింది. ఏం చూసిందో రాస్తాను. కమిటీ వారికి తెలిసిన సంగతే, కానీ మాకు తెలిసిందంతా బయటివాళ్ళకి వింత అని ఇవాళే తెలిసింది.

రెండేళ్ళ క్రితం పెద్ద ట్యాంకు పగిలినప్పటి నుంచీ మనిషికి పొద్దున ఒక్క గ్లాసు మంచినీళ్ళు. ఆ తర్వాత రోజంతా వంటశాల నుంచి వచ్చే చారు, మజ్జిగ, గంజి, వీటితోనే దాహం తీర్చుకోవాలి. ఆ తెల్లారి గ్లాసులోనే కాఫీ కూడా కలుపుకోవాలి. అందుకని మా వీధుల్లో ఆడవాళ్ళమంతా ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరి మాత్రలు వాళ్ళు అన్నీ అరచేతిలో పోసుకుని, నాలుక తడిసేంత నీళ్ళతో, ఒక్క గుక్కలో మింగేయడం. మిగిలిన గ్లాసంతా కాఫీకి. రెండో గుక్క కావలసిన మనిషిని దుబారా మనిషి అంటాం. అందరిలోకీ మా అక్క ఘనాపాటి. తలెగరేసి మింగేస్తే గ్లాసులో నీళ్ళు తగ్గినట్టే కనపడదు. మతి తప్పుతున్నా ఆ చెయ్యి మాత్రం మరిచిపోలేదు.

మల్లవ్వ చూస్తుండగా అక్క థైరాయిడ్ మాత్ర, ఎముకల కోసం ఇచ్చే కాల్షియం, రక్తం పట్టడానికి ఐరన్, బీపీ మాత్ర అన్నీ కలిపి నోట్లో వేసుకుంది. ఒక్క గుక్క. వెంటనే నేను కాఫీ అందించాను. అక్క తాగింది.

మల్లవ్వ నుదురు పట్టుకుని కూర్చుంది. 

"రోజూ గిట్లనే మింగుతరా?"

"ట్యాంకు పగిలినప్పటి నుంచీ" అన్నాను, కాస్త గొప్పగానే.

"అంతకుముందు?"

"అంతకుముందు నీళ్ళుండేవిగా. థైరాయిడ్ది లేవగానే వేసుకునేది, మిగతావి అన్నాలయ్యాక."

"ఊళ్ళె అందరు గిట్లనేనా?"

"వీధి వీధంతా."

అప్పుడు చెప్పింది. థైరాయిడ్ మాత్ర ఒంటరిగా వెళ్ళాలట. కాల్షియమూ ఐరనూ పక్కనుంటే కడుపులో దాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవట. పైన పడే కాఫీ కూడా అంతే. మాత్ర లోపలికి వెళుతోంది, మందు మాత్రం ఒంటికి పట్టడం లేదు. "పొద్దుగాల లేవంగనే, ఖాళీ కడుపుతోని, ఉత్త నీళ్ళతోని ఆ ఒక్క గోళి. కాఫీ గంట ఆగి. కాల్షియం, ఐరన్ నాలుగు గంటలు పోయినంక. అవి మజ్జిగతోని వద్దు, వాటికి వేరే నీళ్ళు నేను ఇప్పిస్త. గంతే" అంది.

"మరి మతి?" అన్నాను.

"మతి ఏడికి వోలేదు పెద్దమ్మా. ఆ మందు అందక మెదడు, ఒళ్ళు అన్నీ నిద్రవోతున్నయి. చలి, మరుపు, జుట్టు రాలుడు, అన్నిటికి అదే. చానా వరకు మళ్ళొస్తది. నెలన్నర, రెణ్ణెల్లు వడ్తది, ఓపిక వట్టుండ్రి."

అక్క ఖాళీ కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, అందులోకే చూస్తూ, చాలాసేపటికి "అయితే నేను పోవట్లేదన్నమాట" అంది. లోపల్లోపల ఆవిడ ఎంత భయపడుతోందో ఇన్నాళ్ళూ నాకు తెలియనే లేదు. తన భయం చెప్పుకోవడానికి కూడా మాట అందని మనిషి పక్కన పడుకుని, రోజూ నేను నా భయమే చూసుకున్నాను.

నేను బావురుమని ఏడ్చాను. కమిటీ వారు గమనించగలరు.

ఆరో నమోదు

శుక్రవారం కమిటీ కూర్చుంది. మల్లవ్వ చెప్పింది విని రెండు నెలల గడువు మళ్ళీ ఇచ్చారు. ధృవ్ గారు అందరికంటే ముందు చెయ్యెత్తారు. బయటికొచ్చాక మల్లవ్వని ఆపి, మెత్తవీధిలో ఎవరికైనా రక్తం చూశారా అని అడిగారు. తెచ్చుకున్న సరంజామా అయిపోయిందని, దక్షిణపు ఊరి నుంచి బండి వచ్చేదాకా ఆగాలని చెప్పింది. ఆయన తల ఊపి వెళ్ళిపోయారు.

ఇంట్లో మార్పేమీ లేదు. పదే పదే అక్క మొహంలోకి చూడొద్దని మల్లవ్వ నన్ను కోప్పడింది. నేను చూడటం మానలేదు.

ఏడో నమోదు

ఒక శాలువా తీసేసింది. ఇవాళ ఇంకేమీ రాయను. చాలు.

ఎనిమిదో నమోదు

పొద్దున సలహా పెట్టె మామూలుగా "తన్వి అమ్మా, ఈ రోజు మీకోసం మీరు..." అని మొదలుపెట్టింది. అక్క మంచం మీంచి "నోరు ముయ్యవే, తెల్లారిందో లేదో" అంది.

తోటకూర తుంచుతున్నదాన్ని అక్కడే ఆగిపోయాను. ఆ గొంతు మా అక్కదే. బొంగురు ఇంకా తగ్గలేదు కానీ విసుగు తిరిగొచ్చింది. పెట్టె పాపం, "మీ మనసు బాగాలేనట్టుంది, దీర్ఘంగా ఊపిరి తీసుకోండి" అంది. నేను వంటింటి గట్టు మీద పడిపోయేలా నవ్వాను.

తొమ్మిదో నమోదు

అక్క ఈ పలక మొత్తం చదివేసింది. నేను తోటగదికి వెళ్ళినప్పుడు తీసి, మొదటి నుంచి చివరిదాకా చదివి, నేను గుమ్మంలో కాలు పెట్టేసరికి సిద్ధంగా కూర్చుంది.

"జుట్టు ఊడిపోతోందని కూడా రాశావా? ఊరంతా చదవడానికి?"

"కమిటీ వాళ్ళే చదువుతారు."

"కమిటీలో ఊరు లేదా? ఆ సందులో కూర్చున్న సంగతీ రాశావు. క్యారేజీతో సహా. మొహం ఉబ్బిందట. నీ మొహం ఎప్పుడైనా చూసుకున్నావా?"

ఈ పోట్లాట అన్నం దగ్గరా సాగింది, గిన్నెలు తుడిచేటప్పుడూ సాగింది. నా కడుపు నిండిపోయింది. చెరిపేయమంది, చెరపనన్నాను. అయితే తన మాట కూడా ఒకటి రాసి తీరాలంది. రాస్తున్నాను. తన్వి అనే నేను చెప్పునది ఏమనగా, మా చెల్లెలు ఉప్పు లేని చారు పోసిన రోజు నాకు తెలుసు. చెప్పే ఓపిక లేక తాగాను. అది చారు కాదు, కుడితి.

పదో నమోదు

తలుపు పరీక్ష అయింది. కమిటీ వాళ్ళు, మంచు తవ్వేవాళ్ళు, మల్లవ్వ, అందరూ వచ్చారు. బయటికి ఎవరినీ పంపకుండా, ఖాళీ గదితోనే అక్క చేత చేయించారు. నన్ను దగ్గరికి రావద్దన్నారు. వచ్చినా చూసే ధైర్యం లేదు. వెనక నిలబడి తలుపు చప్పుళ్ళు విన్నాను. లోపలి తలుపు బిగిసింది. గాలి లాగిన బుస వినిపించింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

బయటి తలుపు తీయాల్సిన సమయం దాటిపోతోంది. ధృవ్ గారు మల్లవ్వ వంక చూశారు. మరిచిపోయింది, మళ్ళీ మరిచిపోయింది, అనుకుని మనుషుల్ని తోసుకుంటూ ముందుకెళ్ళాను.

అక్క పిడి మీద చెయ్యి వేసే ఉంది. కిటికీలోంచి ఖాళీ గదిలోకి చూస్తోంది. "ఏమైందమ్మా?" అని ధృవ్ గారు అడిగారు.

"ఏమీ కాలేదు బాబూ. ఆ రోజు ఈ గది నిండా మంచు తవ్వే పిల్లలున్నారు" అంది. అని, పిడి తిప్పింది. తలుపు సరిగ్గా తెరుచుకుంది.

మళ్ళీ వరసగా అన్నీ మూసి, అందరి ముందూ తాళాల గుత్తి ధృవ్ గారి చేతిలో పెట్టేసింది. పని చేతకాక కాదని, చేయగలనని మీ అందరికీ చూపించాను కదా అని, తలుపు దగ్గరికి వయసులో ఉన్నవాళ్ళని పెట్టుకోమని, తనకి వేరే పని ఉందని చెప్పింది.

"ఏం పనే?" అన్నాను దారిలో.

"మెత్తవీధిలో వాళ్ళకి మాత్రలు ఎవరు మింగిస్తున్నారు? ఎలా మింగిస్తున్నారు?" అంది.

నాకు నడక ఆగిపోయింది. వాళ్ళు మింగలేరు కదా. ఉన్న మాత్రలన్నీ కలిపి నూరి, పాలల్లో రంగరించి చెంచాతో పోస్తారు. కాల్షియం పైన మళ్ళీ పాలు.

పదకొండో నమోదు

దక్షిణపు ఊరి బండి వచ్చింది. మల్లవ్వ మెత్తవీధిలో అందరి రక్తమూ చూసింది. ముగ్గురిది అక్క రక్తం లాగానే ఉంది. వాళ్ళు మరీ నీరసించిన మనుషులు కనుక తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతానంది. మిగతావాళ్ళ మరుపుకి కారణాలు వేరు. ఆద్యమ్మ రక్తం అన్ని విధాలా బాగుంది. ధృవ్ గారు ఆ మాట నిలబడే విన్నారు, నిలబడే థాంక్స్ చెప్పారు.

ఇప్పుడు రోజూ తెల్లారకముందే అక్క అక్కడికి వెళుతోంది. ఆ ముగ్గురికీ ఒక్కొక్కరికి చిన్న మాత్ర, ఉత్త నీళ్ళతో, తల ఎత్తి పట్టుకుని మింగిస్తుంది. కాఫీ కోసం ఎవరైనా చెయ్యి చాపితే గంట ఆగమని కసురుతుంది. ఆ నీళ్ళకి కమిటీ ఒప్పుకుంది. ఊళ్ళో మిగతా ఆడవాళ్ళం కూడా ఒక్క గుక్క పద్ధతి మానేశాం. గొప్పలు పోవడానికి వేరే ఏదైనా వెతుక్కోవాలి.

పన్నెండో నమోదు

లాస్యమ్మ ఇంటికొచ్చేసింది. ఆ ముగ్గురిలో మొదట లేచింది ఆవిడే. ఒకప్పుడు మా పక్కిల్లు. వంటశాలలో పెద్ద పొయ్యి ఆవిడ చేతి కిందే ఉండేది. మెత్తవీధికి పంపించాక వారానికోసారి నేను వెళ్ళి పక్కన కూర్చుని, "ఎలా ఉన్నావు లాస్యా" అని అడిగి, ఊరి కబుర్లు నాలుగు చెప్పి వచ్చేసేదాన్ని. ఒక్కసారి కూడా పలకలేదు. గోడకి చెబుతున్నట్టే ఉండేది.

మొన్న తన ఇంట్లో తన మంచం మీద కూర్చుని, నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వొచ్చినప్పుడల్లా నాకన్నీ వినిపించేవే సహస్రా. ఎలా ఉన్నావని అడిగేదానివి. చెబుదామని లోపల్నుంచి మాట వెతుక్కుని, కూడగట్టుకుని, నోటిదాకా తెచ్చుకునేసరికి నువ్వు చెప్పులేసుకుంటూ ఉండేదానివి."

చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆవిడ చెప్పవలసినవి ఇంకా ఉన్నాయి, అన్నీ చెప్పనిచ్చాను.

అక్క ఆ మాట ధృవ్ గారికి చెప్పింది. మీ అమ్మకి బాగైపోతుందని నేననను, అడిగాక కాస్త ఆగి చూడు బాబూ, అంది. ఆయన నిన్న మధ్యాహ్నం మెత్తవీధికి వెళ్ళి, ఆద్యమ్మ పక్కన పరుపు మీద కూర్చుని, "అన్నం తిన్నావా అమ్మా?" అని అడిగి, లేవకుండా అక్కడే ఉండిపోయారు. అక్క ఆ చివర ఇంకెవరికో కాళ్ళకి పట్టీలు కడుతూ చూసిందట. భోజనాల గిన్నెలు తీసుకెళ్ళిపోయారు, నేల తుడిచేశారు, ఆయన కదల్లేదు. చాలాసేపటికి ఆద్యమ్మ కొడుకు వైపు తిరిగి, "తిన్నాను. నువ్వు తిన్నావా?" అంది.

తినలేదట. అక్క ఆయన్ని వెంటబెట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చింది. తోటకూర పప్పు ఉంటే అన్నం పెట్టాను.